ట్రైలర్‌లో గొడుగాయన

ట్రైలర్ చూసి సినిమా జాతకం తేల్చేయడంలో రామచంద్రపురంలోని మా స్కూలు స్టాఫ్‌రూమ్‌లో నన్ను మించినవారు లేరు. ఆ రోజు లెక్కల టీచరు సుజాతగారు ఫోన్‌లో ఒక కొత్త ట్రైలర్ చూపించారు.

"హీరో కంటే కొయ్యబొమ్మ నయం. హీరోయిన్ మాటలకీ పెదవులకీ పొంతన లేదు. వెనకాల గొడుగేసుకుని, నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ శాల్తీని ఎక్కడ పట్టుకొచ్చేరండీ!" అన్నాను.

సుజాతగారు బొమ్మ ఆపి, పెద్దది చేసి చూపించారు.

"మీరేనండి మాస్టారూ. దిండిలో షూటింగు చూసొచ్చేనన్నారు కదండీ?"

తల ఎత్తలేకపోయాను. అయినా సినిమా విడుదలైన రోజే ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వెళ్లాను. నేనున్న ముక్క కత్తిరించేశారు! మొత్తం సినిమాలో సహజంగా నటించింది నేనొక్కణ్ణే. నన్నే తీసేశాక ఇంకేం ఆడుతుంది?