పిన్ని నేర్పిన ‘గో’

నా చిన్నప్పుడు నాకు వచ్చిన మొదటి ఇంగ్లీషు మాట ‘గో’. నేర్పింది మా పక్కగది పిన్ని. ఇప్పుడు మనవరాలు ఇంగ్లీషు పాఠం పైకి చదువుతుంటే ఆ మాట దగ్గర నా చెవి నిలబడిపోతుంది. ఇంత వయసొచ్చినా ఒళ్ళు మండుతుంది కూడా.

మేము ఈ దీవిలోనే ద్రాసా దగ్గర చెరకు తోటల కూలీ లైన్లలో, వరస గదుల్లో ఉండేవాళ్ళం. నాకు ఊహ తెలియక ముందే నాన్న పోయాడు. అమ్మా నేనూ ఒక గదిలో, పిన్ని పక్క గదిలో. మధ్య గోడ కప్పుదాకా ఉండేది కాదు. ఆమె అటు తుమ్మితే అమ్మ ఇటునుంచి ‘చిరంజీవ’ అనేది. ఆమె మాకు చుట్టం కాదు. అమ్మా ఆమే గిర్మిట్ అనే కూలీ ఒప్పందం రాయించుకుని మద్రాసులో ఒకే ఓడ ఎక్కి వచ్చారు, అంతే. కానీ ఒకే ఓడలో వచ్చినవాళ్ళను జహాజీలనేవారు. వాళ్ళు తోబుట్టువులతో సమానం, వాళ్ళ పిల్లలకు ఒకరితో ఒకరికి పెళ్ళిళ్ళు కూడా చేసేవారు కాదు. పైగా ఇద్దరివీ విజయనగరం వైపు పక్కపక్క ఊళ్ళే. లైన్లంతా హిందీ మోగుతుంటే తెలుగు వినిపించేది మా రెండు గదుల్లోనే.

పిన్ని తోట దొర బంగళాలో బట్టలు ఉతికేది. ఆ దొరను అందరూ కులంబర్ అనేవాళ్ళం. అక్కడ నాలుగు ఇంగ్లీషు ముక్కలు పట్టుకుని సాయంత్రాలు నాకు చెప్పేది. ‘గో’ అంటే పొమ్మని, కానీ ఎక్కడికో తెలియాలంటే దొర చెయ్యి చూడాలి అనేది. వేలు తోట వైపు ఉంటే పనికి పో. గుమ్మం వైపు ఉంటే బయటికి పో. వేలెత్తకుండా మొహం ఎర్రబడితే మాత్రం వెనక్కి చూడకుండా పరుగెత్తు. నేను పడీ పడీ నవ్వేదాన్ని.

తరువాత తరువాత అది ఆటైంది. నేను గోనెపట్టా భుజాన వేసుకుని దొరనయ్యేదాన్ని. పిన్ని చేతులు కట్టుకుని నిలబడేది. ఏం కావాలి అని నేను ఇంగ్లీషులో గద్దించాలి, ఆమె ‘ఐ గో బ్యాక్’ అనాలి. ‘గో’ తెలుసు, మరి ‘బ్యాక్’ ఏమిటని అడిగాను. అది మన ‘అండి’ లాంటిది, దొరల దగ్గర మర్యాదకు చివర్న తగిలిస్తారు అంది. నమ్మాను. పిన్ని చెబితే నమ్మక చస్తానా! మళ్ళీ మళ్ళీ అనిపించుకునేది, నాలుక తిరగకపోతే నేను దిద్దేదాన్ని కూడా.

ఆ రోజుల్లోనే ఓడ కబురు వచ్చింది. వచ్చి పదేళ్ళు నిండినవాళ్ళు దేశం పోవచ్చు, టికెట్టు అక్కర్లేదు, పేరిస్తే చాలు. అమ్మ మొహం చూడాలి! వాళ్ళమ్మ ఇంకా బతికే ఉందని ఎవరో చెప్పారట. ఆ పూట అన్నం కూడా సయించలేదు, చీరలు మడత పెట్టుకుంటూ కూచుంది. కూలీల మీద పెత్తనం చేసే సర్దార్ పేర్లు రాసుకోవడానికి వచ్చే రోజున పిన్ని మా గదికి వచ్చి అమ్మ ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది.

“నువ్వెల్లిపోతే నానెవులితో తెలుగు మాటాడుకోవాలప్పా? ఆ ఊరు మనకేటి సేసింది? ఉండిపో. కాటికెల్లినా ఇద్దరం ఈడినుంచే ఎల్దాం.”

అమ్మ ఆమె తల నిమురుతూ కూచుంది. సర్దార్ వచ్చాక ఇద్దరం పోవడం లేదని చెప్పేసింది. మడత పెట్టిన చీరలు మళ్ళీ దండెం మీదికి ఎక్కాయి.

కొన్నాళ్ళకు పిన్ని దొరసానితో లౌటోకా పట్నం వెళ్తున్నానంది, పెద్ద ఉతుకుడు ఉందట, నాలుగు రోజుల్లో వచ్చేస్తుందట. అమ్మ దారిలో తినమని రొట్టెలు కాల్చి, చింతపండు పచ్చడి మూట కట్టి ఇచ్చింది. పిన్ని నా బుగ్గ గట్టిగా నొక్కి వెళ్ళింది. ఆ తరువాత ఆ బుగ్గను ఎన్నిసార్లు కడుక్కున్నానో.

ఆమె వస్తుందని రోజూ వాకిట్లో చూస్తుంటే సర్దార్ వచ్చి పక్కగది ఖాళీ చేయించడం మొదలుపెట్టాడు. ఆమె రేపో మాపో వస్తుందని అమ్మ అడ్డుపడింది. ఎక్కడి రాక, సువా రేవులో ఓడ ఎక్కేసింది అన్నాడతను హిందీలో. తనకు పేరిస్తే లైన్లంతా తెలుస్తుందని, తిన్నగా బంగళాకు పోయి దొరకే ఇంగ్లీషులో చెప్పుకుందట. “ఐ గో బ్యాక్ అందట, గట్టిదే!” అని నవ్వాడు. ఆ మాట నాకు తెలుసునని నేను గంతేసి, ‘బ్యాక్’ అంటే ‘అండి’ అని కూడా చెప్పాను. సర్దార్ నవ్వు ఆపి నా వైపు చూశాడు. కాదమ్మా, తిరిగి పోవడం అన్నాడు.

అమ్మ నన్ను దగ్గరికి పిలిచి, ఆ ఆట ఎప్పటినుంచి ఆడుతున్నారని మెల్లగా అడిగింది. ఓడ కబురు వచ్చినప్పటినుంచీ అన్నాను. పిన్ని మన గదిలో ఏడ్చిన రోజు పొద్దున కూడా ఆడామన్నాను.

ఎందుకు చేసిందో అమ్మకు తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. లైన్లలో పిన్ని ఎవరెవరితో కాపురం చేయాల్సి వచ్చిందో, ఎవరి చేతి కూడు తిన్నదో ఆ ఊళ్ళ వైపు వాళ్ళలో తెలిసింది అమ్మ ఒక్కతెకే. పిన్ని ఒంటరిగా పోతే, ఆ ఊరివాళ్ళు చాలామంది వెళ్ళే రంగూన్‌లోనే ఇన్నాళ్ళూ ఉన్నానని చెప్పుకోవచ్చు. అమ్మ వెంట ఉంటే ఆ కథ నిలవదు. అమ్మ నోరు జారే మనిషి కాదని ఆ మహాతల్లికి తెలియదా? తెలిసీ కడుపులో పెట్టుకున్న మనిషిని సముద్రం ఇవతల వదిలేసి పోయింది.

మరుసటి ఓడకు వెళ్దామని నేనే పోరుపెట్టాను. అమ్మ ఒక్క మాట అంది.

“మనం ఎల్తే అదక్కడ ఆడిన అబద్దం బయటపడిపోద్దే. పోన్లే, బతకనీ.”

నేనైతే వెళ్ళేదాన్ని. ఆ ఊరి నడివీధిలో నిలబడి ‘ఐ గో బ్యాక్’ అని అరిచేదాన్ని. అమ్మ వెళ్ళలేదు. వాళ్ళమ్మను మళ్ళీ చూడకుండానే ఈ మట్టిలో కలిసిపోయింది. ఆ గదిలో తెలుగు మాట్లాడుకోవడానికి అమ్మకు మిగిలింది నేనే, అందుకే మా వీధిలో ఎవరికీ లేని తెలుగు నాకు ఇంకా మిగిలింది.

ఇంట్లోంచి ఎవరు ఎక్కడికి బయలుదేరినా నేను రొట్టెలు కాల్చి పచ్చడి కట్టి ఇస్తాను. ఇంకో రెండు రోజులుండమని అనవెందుకు నానమ్మా, నీకు మా మీద ప్రేమ లేదా అని పిల్లలు నిష్ఠూరమాడతారు. ఉండిపొమ్మని ఏడ్చే మనిషిని నేను ఒకసారి దగ్గరగా చూశాను. ఆ మాట నా నోట రాదు.