నలుపు తెలుపులకో బహుమతి

మొన్న పొద్దున టీవీలో చప్పట్ల హోరు వినిపిస్తే వంటింట్లోంచి తొంగి చూశాను. అమెరికాలో సినిమాలకు బహుమతులిచ్చే సభ. హీరోయిన్ల బట్టలను రెప్పవేయకుండా చూస్తున్న మా మనవరాలు, కెమెరా పట్టినవాడి పేరు పిలవగానే కాఫీ కలుపుకోవడానికి లేచింది. నాకు ఒళ్లు మండింది. "కూర్చోవే, అసలు బహుమతి ఇదే" అన్నాను. నిజానికి ఆ మాట నాది కాదు. ఎప్పుడో మార్కాపురంలో దయామణక్క అన్నది. అందరికీ తెలిసిన మనిషి కాదు కాబట్టి ఆమె గురించి నేనే చెప్పాలి.

అప్పుడు మాది కర్నూలు జిల్లా, మద్రాసు రాజధాని. తెల్లదొరలు ఇంకా వెళ్లలేదు. తర్లుపాడు రైతు కుటుంబంలో పుట్టిన నేను టీచరు ట్రైనింగు ముగించి మార్కాపురంలో మిషను వారి ఆడపిల్లల బడిలో చేరాను. దయామణక్క అక్కడ పెద్ద టీచరు. పొడుగు మనిషి, నల్లని మనిషి, ఎప్పుడూ తెల్లచీర. తన రంగును తనే వేళాకోళం చేసుకునేది. "నేనూ మన ఊరి పలకా ఒక గనిలోనే పుట్టినాం పాపా" అనేది. పిల్లలను కొట్టేది కాదు కానీ, ఆమె కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టిందంటే గదంతా గప్‌చుప్. నేనూ భయపడేదాన్ని.

ఎండాకాలం ముందు ఊరి బయట బీడులో టూరింగ్ టాకీసు డేరా వెలిసేది. చేరిన ఏడే దయామణక్క నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. తెరమీద ఎవరో తల్లి బిడ్డకోసం కుమిలిపోతోంది. ఆడవాళ్ల చాపల మీద అందరం కొంగులు కళ్లకద్దుకుంటున్నాం. దయామణక్క నా మోచేయి పొడిచింది.

"ఏడ్చేదాన్ని కాదు పాపా, ఆమె మీద వెలుగు చూడు. కెమెరా పట్టినోడు ఒక చెంపకే ఇచ్చినాడు, రెండోది చీకట్లో పెట్టినాడు. సగం దాచినాడు కాబట్టే మనకు ఏడుపొచ్చింది."

ఏడుపు మధ్యలో ఈ పాఠమేమిటని విసుక్కున్నాను. దీపం పెడితే వెలుగు పడుతుంది, అందులో చూసేదేముందనుకునే వయసు నాది.

మిషను బంగళాలో దొరసాని చదివి పడేసిన పాత ఇంగ్లీషు పత్రికలు మా బడికి చేరేవి. ఒకసారి అందులో ఒక పేజీ చదివి దయామణక్క పరుగులాంటి నడకతో నా క్లాసుకు వచ్చింది. "చూసినావా, అమెరికాలో బొమ్మ తీసిన కెమెరా మనిషికి కూడా ఏటేటా బహుమానం ఇస్తారంట. బహుమానాలు మొదలైనప్పటి నుంచీ ఇస్తానే ఉండారంట. రంగుల బొమ్మలొచ్చినాక ఏం చేసినారనుకున్నావ్? రంగులకొకటి, నలుపు తెలుపులకొకటి, విడిగా పెట్టినారు. కొత్తది వచ్చిందని పాతదాన్ని వాకిట్లోకి నెట్టలేదు." ఆమెకు అది ఎవరో తన సొంతవాళ్లకు మర్యాద చేసినట్టుగా ఉంది. "మనమూ ఇద్దాం" అంది.

అలా మొదలైంది మా బహుమతి. డేరా ఎత్తేసే ముందు, ఆ ఏడు ఆడిన బొమ్మల్లో బాగా తీసినదాన్ని మేమిద్దరం ఎంచాలి. తెరమీద పడి మాయమయ్యే కెమెరామన్ పేరు అందుకోవడానికి అదే బొమ్మకు మళ్లీ వెళ్లాం. కొత్త పలక మీద సుద్దతో ముత్యాల్లాంటి అక్షరాల్లో ఆ పేరు రాసి, దయామణక్క వరండాలో మేకుకు తగిలించింది. అది శనివారం. ఆ మేకు మామూలుగా వారం వారం బైబిలు వాక్యం రాసిన పలక తగిలించే మేకు. సోమవారం మార్చుదామనుకుంది. ఆదివారం ఆరాధన మా బడిలోనే జరుగుతుందన్నది ఉత్సాహంలో మరిచిపోయింది.

ఆదివారం కూలిపని చేసుకునే మరియమ్మ అందరికన్నా ముందు వచ్చింది. ఆమెకు చదువు రాదు. ఎప్పటిలాగే పలక ముందు నిలబడి, కళ్లు మూసుకుని, భక్తిగా తల వంచింది. వెనక వచ్చిన ఆడవాళ్లూ అలాగే చేశారు. తర్వాత వచ్చిన సంఘ పెద్ద యోహానుకు చదువు వచ్చు. ఆయన పలక చదివి అక్కడే నిలబడిపోయాడు.

మర్నాడు సాయంత్రం బడిలో పంచాయితీ. పాదిరి అయ్యగారు కుర్చీలో కూర్చున్నారు. మరియమ్మ గుమ్మం దగ్గర నిలబడింది.

"టీచరమ్మా, సినిమావోని పేరుకు మా ఆడోళ్లు మొక్కినారు. ఏంది ఇది?" అన్నాడు యోహాను.

"వాక్యం ఉండేచోట అది పెట్టినాను. తప్పు నాదే పెద్దాయనా."

"మరి సినిమాకు పోయేది?"

"అది తప్పని నేను అనలేను."

పాదిరి అయ్యగారు తల నిమురుకున్నారు. మెత్తని మనిషి. "నాకు నీ మీద కోపం లేదమ్మా. సంఘం ఊరుకోదు. డేరాలో అడుగు పెట్టనని మాటిస్తే బడి నీది. లేకుంటే వేరే టీచరును చూసుకోవాల" అన్నారు.

దయామణక్క కళ్లద్దాలు తీసింది. వెళ్లిపోతుందనే అనుకున్నాను. అప్పుడు మరియమ్మ నోరు తెరిచింది. "దానిమీద ఏం రాసిందో నాకేం ఎరుకయ్యా. ఈడ సదివే నా బిడ్డకైనా ఎరుక గావాల. అక్కను పంపొద్దు."

దయామణక్క ఆమెవైపు చూసి, కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "మాటిస్తా ఉండానయ్యా" అంది. నాకు యోహాను మీద పీకలదాకా కోపం వచ్చింది. ఆయన మాత్రం గెలిచినవాడిలా లేడు. ఆయన మనవరాళ్లూ మా దగ్గరే చదివేవారు. తలెత్తకుండా వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు డేరా వచ్చింది. సాయంత్రం అక్కడ గ్రామఫోను పాట మొదలవగానే దయామణక్క తన గది కిటికీ మూసేసేది. కొన్నాళ్లకు తనే అడిగింది. "నువ్వు మా సంఘం కాదు గదా పాపా. నువ్వు చూసొచ్చి నాకు చెప్పు."

చూసొచ్చి కథంతా చెప్పాను. "కథ నాకెందుకు? వెలుగు ఎట్నుంచి వచ్చింది?" అని కసిరింది. అది నేను గమనించనే లేదు. మళ్లీ వెళ్లాను. ఈసారి నా కళ్లతో కాదు, ఆమెకు చెప్పాలన్న బెంగతో చూశాను. "ఇంటి కప్పు మీద నీళ్ల వెలుగు కదులుతా ఉందక్కా. చెరువు మాత్రం చూపించలేదు" అని చెప్పాను. ఆమె కళ్లు మూసుకుంది. "కంభం చెరువు పక్కన మా పిన్నమ్మ ఇంట్లో అట్లనే కదిలేది" అంది. ఆ ఏడు బహుమతి ఆ బొమ్మకే ఇచ్చింది. పలక ఆమె గదిలోనే ఉండిపోయింది. ఆ తర్వాతి ఏళ్లలోనూ నేను చెప్పడం, ఆమె తీర్పు ఇవ్వడం సాగింది.

కొత్త పాదిరి వచ్చాక ఆ కట్టు సడలించారు. పండగలా ఇద్దరం డేరాకు వెళ్లాం. ఆమె కదలకుండా చూసింది. తిరిగొచ్చేటప్పుడు తల వంచుకుని నాకన్నా ముందు నడిచింది.

"ఏమక్కా, బాగలేదా?"

"బాగానే తీసినాడు" అంది. కొంతదూరం నడిచాక నా చేయి పట్టుకుంది. "నువ్వు చెప్పిందే బాగుండె పాపా."

ఆమె పోయి చాలా ఏళ్లయింది. నేను ఎన్నో సినిమాలు చూశాను, రంగులవీ చూశాను. ఒక్కటీ నా కోసం చూసుకోలేదు. పక్కన ఎవరున్నా సరే, చీకట్లో కూర్చుని వెలుగు ఎటునుంచి వస్తోందో లోలోపల ఆమెకు చెబుతూనే ఉంటాను.