మామగారు నోట పెట్టని పండు

మా మామగారు హెస్కెల్‌కి రమత్‌గన్ బజారులో పళ్ల దుకాణం. తాను రుచి చూడనిదే పండు అమ్మరు. "హెస్కెల్ తిన్నాడా?" అని అడిగి మరీ కొంటారు జనం.

ఆ గుణమే మా అత్తగారు సలీమాకి గండం. మా యూదుల కొత్త సంవత్సరం పండగ రెండు రాత్రులు. మొదటి రాత్రితో ఆవిడకు పేచీ లేదు. ఖర్జూరాలు, అలసందలు, సొరకాయ, ఉల్లికాడల వడలు, పొట్టేలు తలకాయ అన్నీ ఆవిడ చేతిలో పనే. రెండో రాత్రికి మాత్రం ఆ ఏటి కొత్త కాపులో ఇంకా నోట పెట్టని పండు కావాలి. ఇంటి పెద్ద దాన్ని చేతపట్టి, ఈ రోజుదాకా బతికించినందుకు దేవుణ్ణి స్తుతించాలి. మా ఇంటి పెద్ద నోరు ఊరుకుంటే కదా!

ఒక ఏడు ఆవిడ జామపళ్లు తెచ్చి మాసిన బట్టల బుట్టలో దాచింది. ఆయన వాసన పట్టి, బుట్ట పక్కనే నిలబడి తినేశారు. మరో ఏడు పక్క ఊరి సంతనుంచి పేరు తెలియని ఎర్రపండు పట్టుకొచ్చింది. పోయినవారమే తిన్నాననీ, ఉత్త చప్పిడనీ తేల్చేశారు. ఆ రాత్రి ఆయన పళ్లెంలో వడలు పడలేదు.

ఈసారి వేసవిలో కొనేవాళ్లు సణగడం మొదలుపెట్టారు. కర్బూజాలు చప్పగా ఉన్నాయట, అంజూరాలు పులిశాయట. ముసలాడి నాలుక మొద్దుబారిందని అత్తగారు నవ్వింది.

పండగ ముందురోజు తలకాయ ఉడుకుతుండగా ఆయన్ని వంటింట్లోనే నిలదీసింది.

"ఏమయ్యా, దానిమ్మ తిన్నావా?"

"లేదు."

"అంజూరం?"

"లేదే."

"ద్రాక్ష? ఒట్టు పెట్టు."

"ఒక్క పండు కూడా తినలేదు."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. ద్రాక్ష వదిలేశాడంటే నమ్మడమెలా? మామగారు గిన్నెలోకి చూస్తూ నసిగారు. శీతాకాలం పోగానే డాక్టరు చక్కెర జబ్బని చెప్పాడట, పళ్లు ముట్టొద్దన్నాడట. భార్య బెంగపడుతుందని దాచారట. కొట్లో ఒక ముక్క కోసి, అవతలికి తిరిగి, ఖాళీ దవడలు ఆడిస్తున్నారట.

అత్తగారు ముందు తిట్టింది, తిట్లయిపోయేదాకా తిట్టింది. తర్వాత కుర్చీలో కూలబడి ఏడ్చింది.

రెండో రాత్రి బల్లమీదకి బజారంతా దిగింది. ఏది ఎత్తినా ఆయనకు కొత్తదే. దానిమ్మ అందుకుని స్తుతి మొదలుపెట్టారు గానీ, "మమ్మల్ని బతికించి" అన్నదగ్గర ఆగి అత్తగారి వైపు చూశారు. అత్తగారు అందుకుని పూర్తిచేసింది.

ఆపైన ఆయన అరచేతిలో నాలుగు గింజలు పోసి, మిగతా పండు తనవైపు లాక్కుంది.

"ఇంతే. వచ్చే ఏడు కూడా ఈ స్తుతి నువ్వే చెప్పాలి."