జలుబు చేసిందని చెప్పని నాన్న

దోహాలో, మా ఉమ్ ఘువైలినా ఫ్లాట్‌లో, ఆ ఉదయం నాన్న చేతిలోంచి కాఫీ గ్లాసు జారి పడింది. కాసేపు ఆయన చూపు ఎటో నిలిచిపోయింది. "ఏమైంది నాన్నా?" అంటే "ఏం లేదమ్మాయ్, గ్లాసు జారింది" అన్నారు.

నాన్న ఒకప్పుడు వాయుసేనలో ఫైటర్ పైలట్. ఇరవై రెండేళ్ళప్పుడు, యుద్ధం మొదలైన వారంలోనే విమానం ఎక్కినవారు. డాక్టర్లు ఏమడిగినా ఆయన జవాబు ఒకటే: "ఫిట్!"

ఈసీజీ, ఎకో, ఒకరోజంతా గుండె లయని రికార్డు చేసే హోల్టర్, అన్నీ నార్మల్. "కళ్ళు తిరుగుతున్నయా అంకుల్?" అని ఇక్కడి ఆస్పత్రిలోని మన హైదరాబాద్ డాక్టర్ అడిగితే "అస్సలు లేదు" అనేశారు. నేనూ నమ్మాను. వారానికే బాత్‌రూమ్‌లో పడ్డారు, నుదుటికి కుట్లు పడ్డాయి.

"మీరు దాచిపెడితే నేనేం చెయ్యాలె అంకుల్?" అన్నారు డాక్టర్.

విమానం దిగాక జరిగింది జరిగినట్టు పైఅధికారికి చెప్పాలని, దాన్నే డీబ్రీఫింగ్ అంటారని నాన్నే నా చిన్నప్పుడు చెప్పేవారు. "నాన్నా, ఇది వైద్యం కాదు, డీబ్రీఫింగ్" అన్నాను. ఆయన నిటారుగా కూర్చున్నారు.

"ఐదుసార్లు కళ్ళు తిరిగాయి. ఒక్కోసారి ఆరేడు సెకన్లు. ఒకసారి మనవరాలి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతుంటే."

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకు చెప్పలేదు?"

"యుద్ధంలో ఒకరోజు జలుబు చేసిందని చెప్పానమ్మాయ్. జలుబుతో పైకెళ్తే చెవులు దెబ్బతింటాయని డాక్టర్ నన్ను ఆపేశాడు. నా బదులు నా రూమ్మేట్ వెళ్ళాడు. తిరిగి రాలేదు."

కోపం ఎటు పోయిందో. "ఈసారి మీ బదులు ఎవరూ వెళ్ళరు నాన్నా" అన్నాను.

ఆ వివరాలు విని డాక్టర్ అడ్మిట్ చేసుకుని మానిటర్ పెట్టారు. రెండోరోజు దొరికింది: హార్ట్ బ్లాక్, అంటే గుండెని కొట్టించే సంకేతం మధ్యలో ఆగిపోవడం, వచ్చి పోతోంది. పేస్‌మేకర్ పెట్టారు. ఎడమచెయ్యి భుజం పైకి లేపొద్దన్నారు. మా పైలట్‌గారు వింటేగా! మలయాళీ నర్సుకి ఆకాశంలో పోరు రెండు చేతులతో చూపిస్తూ లేపేశారు. పేస్‌మేకర్ నుంచి గుండెలోకి వేసిన తీగ కదిలింది, మళ్ళీ ప్రొసీజర్. ఆ తర్వాత ఆ అమ్మాయి రోజూ ఆయన ఎడమచెయ్యి గట్టిగా పట్టుకుని "అబ్ బోలియే అంకుల్" అని కథ చెప్పించుకునేది. ఆమె రుణం తీర్చుకోలేను.

ఇప్పుడు నాన్న సాయంత్రాలు మనవరాలితో నడకకి వెళ్తున్నారు. ఒక్క మాట. పెద్దవాళ్ళని "ఎలా ఉంది?" అని అడగకండి, బాగానే ఉందంటారు. ఏం జరిగింది, ఎన్నిసార్లు, ఎంతసేపు అని అడిగి, రాసి, డాక్టర్‌కి చూపించండి.

మొన్న కాఫీ దగ్గర, నేను అడక్కముందే, నాన్న గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, జలుబు చేసినట్టుంది."

దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. జలుబుకి స్తోత్రం చెప్పడం జీవితంలో అదే మొదటిసారి.