ఆవు నాలుక పట్టిన చెయ్యి

పశువైద్య కళాశాలలో లైబ్రేరియన్‌నని చెబితే, "అక్కడ గూడా లైబ్రరీనా? గేదెలు చదవతాయా ఏంది?" అని మా బంధువుల్లో ఒకాయన ప్రతి పెళ్ళిలోనూ అడుగుతాడు. ప్రతి పెళ్ళిలోనూ అందరూ నవ్వుతారు. నేను నవ్వను, నాకు ఆ గుణం తక్కువ. గేదెలు చదవవు గానీ వాటి వైద్యం నేర్పేవాళ్ళు చదవాలి. వాళ్ళకు కావలసింది వెతికి చేతిలో పెట్టడం నా ఉద్యోగం. పాఠం చెప్పేవాళ్ళకు కేసులు, ఫొటోలు, వీడియోలు ఏరి ఇస్తాను. పరిశోధన చేసేవాళ్ళకు వ్యాసాలు తెప్పిస్తాను. జర్నళ్ళ చందాలు చాలావరకు ఆగిపోయాయి కాబట్టి తెప్పించడమంటే వాట్సాప్ గ్రూపులో వేరే ఊళ్ళ లైబ్రేరియన్లను బతిమాలుకోవడమే. ఇవాళ నేను అడుగుతాను, రేపు వాళ్ళు అడుగుతారు. ఎందుకని మాత్రం ఎవరూ అడగరు. అది మా మధ్య మర్యాద.

మా కాలేజీ నెల్లూరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఉంటుంది. ఒక పక్క వరి, ఒక పక్క రొయ్యల గుంటలు. ఆసుపత్రి షెడ్డుకూ లైబ్రరీకీ మధ్య ఒక గోడే అడ్డం కనుక నేను ఇన్నేళ్ళూ పేడ వాసనలోనే పుస్తకాలు సర్దాను. దాని గురించి ఫిర్యాదు చేయడం ఎప్పుడో మానేశాను.

షెడ్డులో పశువుల్ని పట్టే అటెండరు ఒకతను ఉండేవాడు. యాభై దాటిన మనిషి, పులికాట్ వైపు చేపలు పట్టే కుటుంబం. ఆదివారాలు ఇంటికి పోయి అన్నదమ్ములతో కలిసి వలలు బాగుచేసేవాడు, సోమవారం వేళ్ళ నిండా కోతలతో వచ్చేవాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక లైబ్రరీలో నా బల్ల ఎదురుగా, సరిగ్గా ఫ్యాను కింద కూర్చునేవాడు. పుస్తకం ముట్టుకునేవాడు కాదు. నేను కసిరితే, "గాలి గూడా పుస్తకాల లెక్కేనామ్మా, సంతకం పెట్టి తీసుకోవాల్నా?" అనేవాడు. నేను నవ్వని మనిషినన్నాను గదా, ఆ మాటకు మాత్రం నవ్వేదాన్ని. అతన్ని అన్నా అని పిలిచేదాన్ని.

అతని గొప్పతనం నాలుక పట్టడం. ఆవు నోరు చూడాలంటే ఒకరు దాని నాలుకను పక్కకు లాగి దవడల మధ్య పట్టుకోవాలి, అప్పుడది కొరకదు. ఇంకొకరు లోపల చెయ్యి పెట్టాలి. నోరు తెరిచి ఉంచే ఇనుప సాధనం ఉంది గానీ, అది బిగించేలోపు ఇతను పని ముగించేవాడు. గ్లవ్స్ వేసుకోవయ్యా అని ఎంతమంది చెప్పినా వినేవాడు కాదు. "జారిపోద్ది మేడం. రబ్బరుతో నాలిక పట్టేది, నూనె రాసుకోని సొరపిట్ట చేపను పట్టేది ఒకటే," అనేవాడు. అది నిజమే. షెడ్డులో అటెండర్లందరూ వట్టి చేతులతోనే పట్టేవాళ్ళు. ఆ పద్ధతి వాళ్ళకు ముందున్నవాళ్ళ నుంచి వచ్చింది.

పశువుల మెడిసిన్ చెప్పే ప్రొఫెసరు గారు లైబ్రరీని సరిగ్గా వాడుకున్న కొద్దిమందిలో ఒకరు. మిగతావాళ్ళు "అన్నీ నెట్లో ఉన్నాయిగా" అని, పదోన్నతి దరఖాస్తు వేళకు నా బల్ల చుట్టూ తిరిగేవాళ్ళు. ఆవిడ అలా కాదు. ప్రతి ఏడూ చొంగ కార్చే పశువు మీద ఒక పాఠం చెప్పేవారు, దానికి కావలసినవన్నీ నేనే సమకూర్చేదాన్ని. వాళ్ళ విభాగంలో ప్రొజెక్టరు చెడిపోయినప్పటి నుంచి ఆ క్లాసు లైబ్రరీలోనే జరిగేది. ఆవిడ మొదటి మాట నాకు కంఠతా వచ్చు. "చొంగ కారే ఆవు వస్తే గొంతులో ఏదో అడ్డం పడిందని పరిగెత్తకండి. ముందు రేబిస్ అనుకోండి. కాదని తేలాకే చెయ్యి పెట్టండి." కుర్చీలు మోసుకొచ్చిన అన్న కూడా వెనక నిలబడి ఆ మాట వినేవాడు. అందరికీ తెలిసిన సంగతే.

కానీ తాటిపండ్ల రోజులు వేరు. మా వైపు పండి రాలిన తాటిపండ్లను ఆవులు తింటాయి, టెంక గొంతుకు అడ్డం పడుతుంది. ఆ ఏడాది అప్పటికే అలాంటివి వచ్చాయి, ఆవిడ చెయ్యి పెట్టి టెంకలు తీశారు, విద్యార్థులు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులోనే కోవూరు వైపు నుంచి ఒక రైతు చిన్న ట్రక్కులో ఆవును తెచ్చాడు. నోటి నుంచి తీగలు తీగలుగా చొంగ, మేత ముట్టదు. "తాటిపండు తినింది మేడం, నా కళ్ళతో నేనే చూసినా," అన్నాడు. ఇంకేముంది, అన్న నాలుక పట్టాడు, ఆవిడ గ్లవ్స్ తొడుక్కుని చెయ్యి పెట్టారు, ఒక విద్యార్థిని ఫోనులో వీడియో తీసింది. టెంక దొరకలేదు. కిందికి జారి ఉంటుందనుకున్నారు. మర్నాడు రైతు ఫోను చేసి ఆవు చచ్చిపోయిందనీ, పూడ్చేశామనీ చెప్పాడు. ఆ తల కోసి మెదడు పరీక్ష చేసినవాళ్ళు లేరు. ఆవిడ ఆ వీడియోను పాఠాల కోసం నాకు పంపారు, తాటిటెంకల మీద చిన్న వ్యాసం రాస్తానని పాత వ్యాసాలు కావాలన్నారు. నేను తెప్పించి ఇచ్చాను. వీడియోకు "గొంతులో టెంక, ఆవు" అని పేరు పెట్టి దాచాను. ఇందులో నా తప్పేమీ లేదు, నా మీద వేసుకునే అలవాటూ నాకు లేదు.

వానలు పట్టాక ఒక మధ్యాహ్నం అన్న వచ్చి ఫ్యాను కింద కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"అమ్మా, ఆ ఫ్యాను ఆపు."

"వానకే చలేసిందా అన్నా?"

"చలి గాదమ్మా. గాలి మొహాన తగిల్తే గొంతు పట్టేస్తా ఉండాది. చెయ్యి గూడా రెండ్రోజుల్నుంచి జివ్వుమంటా ఉండాది."

ఫ్యాను ఆపాను. టీ పోసిచ్చాను. గ్లాసు నోటి దాకా తెచ్చాడు, అంతే, మెడ నరాలు లేచి ఒళ్ళంతా ఎగిరిపడింది. గ్లాసు కింద పడింది. "ఏందమ్మా ఇది, ఎట్టాగో ఉండాది," అని నన్నే అడిగాడు. నేను ప్రొఫెసరు గారికి ఫోను చేశాను. ఆవిడ గోడ పక్క నుంచి నడిచి వచ్చారు. అతన్ని చూశారు, నేల మీద టీని చూశారు, ఆగిపోయిన ఫ్యానును చూశారు. నేను చెప్పకముందే ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఆ వీడియో పెట్టండి," అన్నారు నాతో, మెల్లగా.

అన్నను బయట బెంచీ మీద కూర్చోబెట్టి మేమిద్దరం చూశాం. ఆవు కొమ్ముల పక్కన అన్న నవ్వుతున్నాడు. "రాయే తల్లీ, నీ నాలిక తోడుకోని పోతానా ఏంది," అంటున్నాడు. వట్టి చెయ్యి. వల కోసిన వేలికి గుడ్డపీలిక, అది చొంగలో తడిసిపోయింది. ఆవు అరవబోయింది, గొంతు బొంగురుగా వచ్చింది. ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "రేబిస్ గుర్తని ఇట్లాంటి అరుపే నేను పిల్లలకు వినిపిస్తాను. వినిపించేది నేనే," అన్నారు. తర్వాత లేచి అతన్ని తన కారులోనే నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ రేబిస్ టీకాలు ఎప్పుడో వేయించారు. అటెండర్లు అవుట్‌సోర్సింగ్ మనుషులు, వాళ్ళ సంగతి ఏజెన్సీ చూసుకోవాలట. ఆవు నోట్లో చెయ్యి పెట్టేటప్పుడు మాత్రం ఆ తేడా ఎవరికీ గుర్తుకు రాలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా పళ్ళు పటపటలాడతాయి. అతను చచ్చిపోయాక అటెండర్లందరినీ వరసగా నిలబెట్టి సూదులు వేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మా వాళ్ళకు బాగా వచ్చు.

ఆసుపత్రి నుంచి ఆవిడ ఫోను చేశారు. "రేబిస్ లక్షణాలు వచ్చాక బతికిన మనుషులు. ప్రపంచంలో ఎక్కడున్నా, ఏ భాషలో ఉన్నా సరే. ఏం మందులిచ్చారు, ఎట్లా బతికారు, అన్నీ కావాలి." నేను గ్రూపులో పెట్టాను. ఎన్నడూ రాయని మాట ఒకటి రాశాను, అర్జెంటు అని. ఎందుకని ఎవరూ అడగలేదు. వ్యాసాలు ఒకటొకటే రాసాగాయి. తెరిచి చూడకుండా పంపడం నా పద్ధతి, ఆ రోజు ప్రతిదీ చదివాను. బతికినవాళ్ళు బహు కొద్దిమంది. వాళ్ళలోనూ ఎక్కువమందికి కరిచాక టీకా కొంతైనా పడింది. కొందరు బతికారే గానీ మళ్ళీ లేచి నడవలేదు. ఒక వ్యాసంలో ఫలానా పద్ధతి పనిచేసిందని రాస్తే, తర్వాతి వ్యాసంలో అదే పద్ధతి పనిచేయలేదని ఇంకొకరు రాశారు. అన్నీ పంపాను. ఆవిడ డాక్టర్లకు చూపించారు. వాళ్ళు తలలు అడ్డంగా ఊపి, నొప్పి తెలియకుండా మత్తు ఇస్తామన్నారు.

నేను ఆసుపత్రికి పోయేసరికి అతన్ని కిటికీలు మూసిన గదిలో ఉంచారు. బయట అతని భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. ఊళ్ళమ్మట గంపతో చేపలమ్మే మనిషి, ఆసుపత్రి వరండాలో ఒక మూలకు ఒదిగిపోయింది. నన్ను చూసి లేచింది.

"మీరేనామ్మా లైబ్రరీ అమ్మ? మీ గురించి చెప్తా ఉంటాడు. ప్రొఫెసరమ్మ చెప్పినారు, మీరు పుస్తకాలన్నీ చూస్తా ఉండారని. ఏమన్నా దొరికిందామ్మా?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో అలా అడిగినవాళ్ళు లేరు. ప్రొఫెసర్లు దొరికిందా అంటే వ్యాసం దొరికిందా అని. ఆమె అడిగింది మొగుడి ప్రాణం. దొరకలేదని నాకు తెలుసు. "వెతుకుతున్నానమ్మా," అన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని, "బాగా చూడమ్మా, ఒక్కటన్నా ఉంటాది," అంది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. మర్నాడు అతను పోయాడు.

ప్రొఫెసరు గారు తాటిటెంకల వ్యాసం రాయలేదు. ఏడాది తర్వాత అతని కేసు రాశారు, తన పొరపాటు సహా. అందులో అతను పేరు లేని సహాయకుడు. ఆవిడ ఇప్పుడు చొంగ కారే ఆవు పాఠం ఆ వీడియోతోనే మొదలుపెడతారు. అన్న ముఖం కనిపించకూడదన్నారు, మాటా వద్దన్నారు. నేను కత్తిరించాను. ఇప్పుడు తెర మీద ఆవు నోరు, తడిసిన గుడ్డపీలిక చుట్టుకున్న చెయ్యి, ఆవు బొంగురు అరుపు మాత్రమే ఉంటాయి. పేరు కూడా మార్చాను, "రేబిస్, ఆవు" అని. కత్తిరించనిది నా దగ్గర వేరుగా ఉంది, అది నేను ఎవరికీ ఇవ్వను. పిల్లలు నోట్సు రాసుకుంటుంటే నేను వెనక నిలబడతాను, అన్న నిలబడే చోట. ఆ క్లాసులో ఫ్యాను వెయ్యను. ఉక్కపోస్తుందని పిల్లలు గొణుగుతారు.

మొన్న గ్రూపులో ఎక్కడో దూరపు కాలేజీ లైబ్రేరియన్ ఒకామె అడిగింది. రేబిస్, మనుషులు, బతికినవాళ్ళు, అర్జెంటు. మర్యాద తప్పి నేను ప్రశ్న వేశాను. టీకా ఏమైనా పడిందా అని. కాసేపటికి జవాబొచ్చింది, "లేదు మేడం, మా షెడ్డులో పనిచేసే అబ్బాయి." నా దగ్గర అన్నీ సిద్ధంగా ఉన్నాయి కనుక ఒక్కటీ వదలకుండా పంపాను. మా అన్న మీద రాసిన వ్యాసం ఒక్కటి తీసి పక్కన పెట్టాను. ఆమె బతికినవాళ్ళవి అడిగింది.