ఖాళీ బండిలో కనిపించని తేడా

కరోనా ఆంక్షలు పూర్తిగా తొలగి బండ్ల అమ్మకాలు మళ్ళీ పుంజుకున్న ఏడాది, వేసవి మొదట్లో, విశాఖపట్నం శివారులో ఒక వాణిజ్య వాహనాల డీలర్ దగ్గర నేను వర్క్స్ మేనేజర్‌గా చేరాను. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళుంది. వర్క్‌షాపులోని మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు, టింకరింగ్ వాళ్ళు అందరూ నా కిందే పనిచేసేవారు. దానితోపాటు కొత్త బండి కొనుగోలుదారు చేతికి వెళ్ళే ముందు చేసే తనిఖీకి కూడా నేనే బాధ్యుణ్ణి. ఆ తనిఖీకి పొడవాటి పట్టిక ఒకటి ఉంటుంది. ఒక్కో అంశం చూసి టిక్కు పెట్టి, చివర సంతకం చేస్తేనే బండి గేటు దాటుతుంది.

ఆ వేసవిలోనే మల్కాపురం నుంచి నూకరత్నం అనే ఆవిడ ఒక పికప్ కొన్నది. ఆమె భర్త అప్పారావు పోర్టులో కాంట్రాక్టు పని చేస్తూ భుజం దెబ్బతిని బరువులు ఎత్తలేని స్థితికి వచ్చాడు. ఇంటి దగ్గరే మంచినీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు పెట్టుకుని, అతను టిన్నులు నింపితే ఆమె బండి నడిపి సరఫరా చేసేది. అంతకుముందు ఆటోలో వేసేవారు. డ్రైవింగ్ ఆమె నలభై దాటాక నేర్చుకున్నదట. డెలివరీ రోజున బండికి దండ వేసి, నిమ్మకాయలు తొక్కించి, తానే నడుపుకుంటూ వెళ్ళింది.

వారం తిరక్కుండా వచ్చింది. పికప్‌లో సరుకు పెట్టే తొట్టెకు వెనకవైపు, కిందికి దించే తలుపును మా వాళ్ళు డాలా అంటారు. ఆ డాలా వంకరగా ఉందని ఆమె ఫిర్యాదు.

"కొత్త బండి సారూ ఇది. ఒక పక్క సందులో ఏలు దూరతంది, ఇంకో పక్క గోరు కూడా దూరదు. కుడి పక్క గొళ్ళెం పట్టడం నేదు. ఇదేటి?" అంది.

నేను వెళ్ళి చూశాను. డాలాకు రెండు పక్కలా సందు దాదాపు సమానంగానే ఉంది. కొలిస్తే తేడా ఒక మిల్లీమీటరు. కంపెనీ అనుమతించే హద్దులోనే ఉంది. గొళ్ళేలు రెండూ టక్కున పడ్డాయి. అదే మాట ఆమెకు చెప్పాను. ఆమె డాలా మూసి, తెరిచి, మళ్ళీ మూసి, అయోమయంగా నావంక చూసింది.

"ఇక్కడ పడతంది. ఇంటికాడ పడదు. నానేటి సెప్పను సారూ?"

ఆమె తృప్తి కోసం, ఫిర్యాదు, కారణం, చేసిన పని నమోదు చేసే జాబ్ కార్డు రాసి బండిని సింహాచలానికి అప్పగించాను. సింహాచలం మా టింకరింగ్ మేస్త్రీ. ఇరవై ఏళ్ళకు పైగా బండ్ల రేకులు సరిచేసిన చెయ్యి. కీలు బోల్టులు వదులుచేసి, డాలాను ఆ మిల్లీమీటరు కూడా జరిపి, సందులు సరిసమానం చేసి పంపించాడు.

నాలుగో రోజున ఫోను. మళ్ళీ అదే తేడా. రమ్మన్నాను. వచ్చింది. కొలిచాం. ఏ తేడా లేదు. ఇక నాకు ఆలోచనలు రకరకాలుగా పోయాయి. బండిలో పరిమితికి మించి వేస్తోందేమో అనుకున్నాను. అడిగితే రోజూ ఎన్ని టిన్నులు వేస్తుందో చెప్పింది. లెక్క వేస్తే బండి మోయగల బరువులో సగం మించదు. ఎక్కడైనా వెనక్కి తీస్తూ గోడకు గుద్దిందేమో అని రేకు అంతా తడిమి చూశాను. పెయింటు మీద గీత కూడా లేదు. అయినా ఆమె మాట మీద సింహాచలం కీలు మళ్ళీ కాస్త సర్దాడు.

ఆ తర్వాత జరిగింది చిన్న సంగతి కాదు. ఒక ఉదయం బండి ఎత్తు ఎక్కుతుండగా, ఆమె బలవంతంగా పట్టించిన కుడి గొళ్ళెం ఊడింది. బరువుకు ఎడమది కూడా వదిలేసింది. డాలా దభాలున పడి నీళ్ళ టిన్నులు రోడ్డు మీద దొర్లాయి. వెనక వస్తున్న స్కూటరు ఆయన బ్రేకు వేసి పడిపోయాడు. మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది. నూకరత్నం ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించి, మర్నాడు డాలాను నైలాన్ తాడుతో కట్టుకుని మా దగ్గరికి వచ్చింది. ఆ రోజు ఆమె గొంతు పెంచలేదు.

"ఆయన ఎనకాల బస్సు ఉంటే ఏటయిపోను సారూ? నాకు ఈ బండెక్కాలంటే బయ్యమేస్తంది. మీరు బాగుందంటారు, ఇది బాగుండదు. ఏది నమ్మను?" అంది.

డాలా మూశాను. రెండు గొళ్ళేలూ పడ్డాయి. గట్టిగా గుంజినా రాలేదు. తెరిచాను, మూశాను. ముప్ఫై ఏళ్ళు ఈ పనిలో ఉన్నవాణ్ణి, కళ్ళ ముందున్న తలుపు నాకు అర్థం కాలేదు.

సంగతి జనరల్ మేనేజర్ దాకా వెళ్ళింది. మనిషి పడ్డాడు కాబట్టి కారణం రాసి పంపమన్నారు. నాకు తెలియని కారణాన్ని నేనెలా రాస్తాను? తెలియదని రాయడానికి నా హోదా అడ్డొచ్చింది. రెండుసార్లు కీలు సర్దాక సమస్య పెరిగింది కనుక, సర్దడంలోనే లోపం జరిగి ఉంటుందని రాశాను. సింహాచలానికి మెమో ఇచ్చాను. అతను కాగితం రెండుసార్లు చదివాడు.

"సారూ, నాను సుత్తి ముట్టనేదు. కీలు ఇప్పేముందు కంపెనీవోడు ఎక్కడ బిగించాడో సూదితో గీత గీసి పెట్టుకున్నాను. ఎంత జరిపానో ఆ గీత కాడే ఉంది, సూడండి," అన్నాడు.

చూశాను. గీత స్పష్టంగా ఉంది. రెండుసార్లూ కలిపి అతను జరిపింది పెన్సిలు ములుకంతే. అయినా మెమో వెనక్కి తీసుకోలేదు. ఆ పూట నా బుర్ర పనిచేయలేదని చెప్పుకోవచ్చు గానీ, అది నిజం కాదు. కాగితం అప్పటికే పైకి వెళ్ళిపోయింది.

ఆదివారం సీతమ్మధారలో చర్చి ఆరాధన అయ్యాక ఇంటికి పోకుండా మల్కాపురం వెళ్ళాను. ఇంటికాడ పడదు అని ఆమె మొదటి రోజు నుంచీ అంటూనే ఉంది. ఆ ఇల్లు ఎలా ఉంటుందో నేను ఒక్కసారీ అడగలేదు.

సందు కాస్త ఏటవాలుగా ఉంది. బండి ముందు ఎడమ చక్రం మురుగుకాలువ మీది పలక ఎక్కి, మిగతా మూడూ నేల మీద ఉన్నాయి. ఖాళీ బండి డాలా మూసి చూశాను. కొంచెం బిగువుగా పడింది. అంతే. అప్పారావు ప్లాంటు లోపల నుంచి టిన్నులు దొర్లిస్తుంటే నూకరత్నం ఎత్తి బండిలో పెడుతోంది. నేను వెనక నిలబడి చూస్తున్నాను. సగం నిండేసరికి కుడిపక్క సందు కళ్ళెదుటే మారిపోయింది. అది వేలు దూరేంత వెడల్పైంది, ఎడమపక్క రేకు రేకుకు ఆనింది. కుడి గొళ్ళెం దాని కొక్కేనికి అందలేదు.

"సూసారా? నాను అబద్ధం సెప్పలేదు కదా," అంది ఆమె. ఆమె మొహంలో గెలిచిన భావం లేదు. ఊపిరి పీల్చుకున్నట్టు ఉంది.

నేను ఆదివారం చొక్కాతోనే బండి కిందికి దూరాను. సెల్‌ఫోను లైటు వేసి చూశాను. పికప్‌లో తొట్టె నేరుగా బండి కింది చట్రమైన ఛాసిస్‌ మీద కూర్చోదు. మధ్యలో అక్కడక్కడా దళసరి రబ్బరు దిమ్మలు పెట్టి బోల్టులతో బిగిస్తారు. వెనక కుడి మూల దిమ్మ లేదు. బోల్టు మాత్రం ఉంది, వదులుగా వేలాడుతోంది. ఖాళీ బండిలో, చదునైన నేల మీద, మిగతా దిమ్మలు తొట్టెను నిలబెట్టేవి. బరువు పడి, నేల వంకర తోడైతే ఆ మూల కుంగేది. తొట్టె వంగితే డాలా ఎంత సరిగా ఉన్నా గొళ్ళెం అందదు.

వర్క్‌షాపులో ఇది మాకెందుకు కనిపించలేదో కింద పడుకునే అర్థం చేసుకున్నాను. సర్వీసుకు వచ్చే బండి ఖాళీగా ఉండాలన్నది మా నియమం. బండ్లు నిలిపి పనిచేసే మా బే నేల రసమట్టం పెట్టి వేసిన సిమెంటు. మేము కొలిచిన ప్రతిసారీ ఆమె బరువు దింపుకునే వచ్చింది.

సోమవారం బండి తెప్పించి దిమ్మ పెట్టించాను. బోల్టులన్నీ కంపెనీ చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించాం. కీలు మళ్ళీ మొదటి స్థానానికి తేవలసి వచ్చింది. సింహాచలం గీతలే అందుకు ఆధారం. ఈసారి నియమం పక్కనపెట్టి, టిన్నులు నింపి, ఒక చక్రం కింద దుంగ పెట్టి కొలిచాం. గొళ్ళేలు రెండూ పడ్డాయి. నూకరత్నం తన చేతులతో నాలుగుసార్లు మూసి చూసుకుని తాళాలు తీసుకుంది. తర్వాత ఆ పికప్ డాలా గురించి ఆమె నుంచి ఫోను రాలేదు.

అప్పుడు తనిఖీ పట్టిక తీయించాను. తొట్టె బిగింపు బోల్టులు అన్న అంశం దగ్గర టిక్కు ఉంది. కింద నా సంతకం ఉంది. ఆ రోజు నాలుగు బండ్ల డెలివరీ. ఆ టిక్కు నేను కిందికి వంగి చూసి పెట్టానా, వరసగా పెట్టుకుంటూ పోయానా అన్నది ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. దిమ్మ ఫ్యాక్టరీలోనే మరిచారో, మా యార్డులో ఎవరైనా మరో బండికి తీశారో అదీ తేలలేదు.

జనరల్ మేనేజర్‌కు రెండో కాగితం రాశాను. మొదటిది తప్పని, తనిఖీ లోపం నాదేనని, సింహాచలం మెమో రద్దు చేయమని అందులో ఉంది. తనిఖీ బాధ్యత నా నుంచి తీసి వేరొకరికి ఇచ్చారు. అది సరైన నిర్ణయం. మెమో రద్దు కాగితం సింహాచలానికి అందరి ముందూ ఇచ్చి, నాది తప్పు అన్నాను. అతను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ రోజు నాను గీత సూపించినప్పుడు మీరు సూసారు సారూ. సూసి కూడా ఇచ్చారు. అదే నాకు అరదం కాలేదు," అన్నాడు.

అతను పనిలోకి వెళ్ళిపోయాడు. రిటైరయ్యేదాకా మేము ఒకే షెడ్డులో పనిచేశాం, ఎప్పుడూ మాట తేడా రాలేదు, కానీ నా బల్ల దగ్గర నిలబడి టీ తాగడం అతను మానేశాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది రెండు సంగతులు. బండిని మనకు వీలైన చోట కాదు, అది పనిచేసే చోట, అది మోసే బరువుతో చూడాలి. ఇక కారణం తెలియనప్పుడు జాబ్ కార్డులోనైనా, పైకి పంపే కాగితంలోనైనా తెలియదు అనే రాయాలి. ఆ మాట రాయడానికి స్థలం ప్రతి కార్డులోనూ ఉంటుంది. నేను రాయలేదు.