ఫొటో ఎవరు తీశారు?

ఈ మధ్యాహ్నం ప్రార్థన ముగించుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, మా చెల్లెలి కూతురు సుధ నుంచి ఫొటో వచ్చింది. దానికి జర్మనీలో ఉద్యోగం. రెండు రోజులు సెలవు దొరికితే చాలు, ఇంకో దేశం వెళ్ళిపోతుంది. ప్రతి ప్రయాణానికీ నేను ప్రార్థన చేయాలి. నిజం చెప్పాలంటే ఈ మధ్య నాకే అలుపొస్తోంది. ఈసారి లిస్బన్. సముద్రం ముందు ఒక్కతే నిలబడి నవ్వుతోంది.

ఫోన్ చేశాను.

“ఏటే, ఈ ఫొటో ఎవలు తీసారు?”

“దారిన పోతన్నోలు పెద్దమ్మా. ఎప్పుడూ అలగే అడుగుతాను.”

“తోడు ఎవలూ లేరా?”

“గదిలో ఒక్కద్దాన్నే కూకోడం కన్నా ఇది నయం కదేటి” అని నవ్వింది.

ఫోన్ పెట్టేశాక పాత ఫొటోలన్నీ తిరగేశాను. అన్నింట్లోనూ ఒక్కతే. ఇన్నాళ్ళూ మేమంతా వెనకాల కనిపించే ఊళ్ళనే చూసి మెచ్చుకున్నాం. మీ పిల్లల ఫొటోలు ఎవరు తీస్తున్నారో మీరెప్పుడైనా అడిగారా?

సాయంత్రం మల్కాపురంలో చెల్లి ఇంట్లో అందరం కూర్చుని తేల్చుకున్నాం. చెల్లికి పాస్‌పోర్టు తీయిస్తాం. వచ్చే సెలవుల్లో సుధకి చెల్లే తోడు వెళ్తుంది. అది తీసే ఫొటోల్లో ఎవరికీ తల ఉండదు. ఆ మాటే సుధకి చెబితే, “పర్లేదు పెద్దమ్మా, రమ్మను” అంది.